ఏడో చట్రం

ఫిబ్రవరి 3, సోమవారం

కొలతలమ్మాయి దిగింది. చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయని కమిటీవాళ్ళు పుస్తకం వేయిస్తున్నారు. పాత కట్టడాలు కొలిచి బొమ్మలు గీసే మనిషి కావాలని ఈవిడను పిలిపించారు. ముప్పై దాటి ఉండవు. మెడలో కెమెరా, చేతిలో టేపు, చెవి వెనక పెన్సిలు. చెవి వెనక పెన్సిలు పెట్టుకునే హక్కు వడ్రంగిది.

"నేల మట్టం భూమికి ఎంత ఎత్తులో ఉంది మేస్త్రీగారూ?" అని అడిగింది.

"మోకాలెత్తు."

"ఎవరి మోకాలు?"

పాస్టరుగారు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఆరేళ్ళుగా ఈ చర్చిలో ప్రతి పలకా నా చేతి మీదుగా పోతోంది. అంతకుముందు మా నాన్న చూశాడు. అసలు కట్టిందే మా తాత. ఒక్క ఇనప మేకు లేకుండా కట్టాడు. ఎవరు చూడ్డానికొచ్చినా పాస్టరుగారు ఆ మాట చెప్తారు, నేను పక్కన నిలబడి నేలచూపులు చూస్తాను. ఇవాళ కూడా చెప్పారు. ఆ పిల్ల "చూద్దాం" అంది.

చూద్దామట.

ఫిబ్రవరి 4

రేపు నేను చెప్పలేదని ఎవరూ అనకుండా, ఆవిడకు చెప్పినవన్నీ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

కట్టడానికి సరిపడా రాయి ఈ చుట్టుపక్కల దొరకదు. అడవి మాత్రం ఏటి ఎగువన ఉంది. దుంగల్ని ఏట్లో వదిలి ఊరి దగ్గర పట్టుకున్నారు. రెండేళ్ళు నీడన ఆరబెట్టి గానీ ఉలి పెట్టలేదు. పధ్నాలుగు స్తంభాలు, రెండేసి స్తంభాల మీద ఒక చట్రం. చట్రమంటే కింద అడ్డదూలం, పైన రెండు వాలు దూలాలు, అవి కదలకుండా నాలుగు ఊతకర్రలు. అలాంటివి గుమ్మం దగ్గర మొదలై ప్రసంగ వేదిక దాకా ఏడు. ప్రతి కర్ర చివరా నాలుక చెక్కి, అవతలి దూలం బెజ్జంలో దూర్చి, కొయ్య చీల కొట్టారు. గోడలు కూడా పలకలే, పైదాని అంచు కిందిదాని మీదికి దిగి వానను బయటే ఆపుతుంది. కింద ఖాళీ వదిలారు కాబట్టి ఏరు పొంగితే నీళ్ళు నేల కింద నుంచి పోతాయి. ఒక్క ఏడాది మాత్రం లోపలికొచ్చి బెంచీలు తేలాయి. చట్రాలు వెంట్రుకవాసి కదల్లేదు. గంట గోపురం ఇంకా ఎత్తు కట్టాలనుకున్నారు, గాలికి భయపడి తగ్గించారు.

అన్నీ రాసుకుని, "మీ తాతగారు ఒక్కరే చేశారా?" అంది.

"ఆయనకో తమ్ముడు ఉండేవాడు. తాగుబోతు. సగంలో వదిలేసి పోయాడు."

"ఆ తమ్ముడి తాలూకు ఎవరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాను.

ఉన్నాడు. మనవడు. రెండు వీధుల అవతల శవపెట్టెలు చేస్తాడు. ఊరికి మంచివాడు, నాకు వరసకు తమ్ముడు, ఈ డైరీలో మాత్రం పెట్టెలవాడు. పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. అలాంటివాడు లేడన్నా తప్పు లేదు.

ఫిబ్రవరి 5

ఆ పిల్ల బెంచీల కింద దూరి, వెల్లకిలా పడుకుని టార్చి వేసింది. లేచి జుట్టు కూడా దులుపుకోకుండా, "ఒక్క మేకు లేదన్నారు. ఈ ఒక్క వరసలోనే నలభై ఉన్నాయి" అంది.

"తర్వాత మరమ్మతుల్లో కొట్టి ఉంటారు."

"ఎవరు?"

మరమ్మతులన్నీ మేమే చేశామని మొన్న నేనే చెప్పాను.

బెంచీల కింద ఇంకోటి కూడా చూసింది. మూడు గీతల కాకికాలు. "మీ తాతగారి గుర్తా?" అని అడిగింది. అవునని ఛాతీ విరుచుకున్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"అయితే పైన చట్రాల మీద కూడా ఇదే ఉంటుంది. ఏ కర్ర ఏ బెజ్జానిదో తెలియడానికి గుర్తులు కొట్టుకుంటారు కదా. మామూలుగా కీలు లోపలే ఉండిపోతాయి, విప్పితే తప్ప కనబడవు. ఆఖరి చట్రానికి మాత్రం బయటికి కనబడేలా కొట్టడం కొందరికి అలవాటు. రోజుకొకటి కొలుచుకుంటూ వెళ్తాను. వచ్చే శుక్రవారం ఏడోది. కాకికాలు కనబడిందా, దాని ఫొటోయే పుస్తకం అట్ట మీద వేద్దాం. గుమ్మం పక్కన పెట్టే బోర్డు మీద కట్టినవాళ్ళ పేరు కూడా అప్పుడే ఖాయం."

"ఇప్పుడు ఖాయం కాలేదా?" అన్నాను.

"చూసి రాయడం నా అలవాటు మేస్త్రీగారూ."

పెద్దంతరం చిన్నంతరం లేని మనిషి.

ఫిబ్రవరి 6

మొదటి చట్రం కొలిచింది. మా ఆవిడ, "ఆ అమ్మాయి మీది కోపం కంచం మీద చూపిస్తారేం?" అంది. నాకు కోపమేమీ లేదు.

ఫిబ్రవరి 8

మూడోది అయింది.

ఫిబ్రవరి 12

ఆరోది. గీసిన బొమ్మలు ప్రింటు తీయించడానికి రేపు పట్నం పోతోంది. చర్చి తాళం చెవి ఎప్పటిలాగే నా దగ్గర ఉంటుంది.

ఏడో చట్రంలో చెదలు పట్టాయేమో చూడాలి. చూసి చాలా కాలమైంది.

ఫిబ్రవరి 13, గురువారం

చెదలు పట్టాయి. అంచేత కాస్త చిత్రిక పట్టాల్సి వచ్చింది.

నాలుగు ఊతకర్రలకూ పట్టాయి. ఉన్నచోట చిత్రిక ఆడదు, పైగా గీతలు సగం కీలు లోపలికి ఉన్నాయి. అడ్డదూలం కింద ఆసరాకు గుంజలు నిలబెట్టి, చీలలు ఊడగొట్టి, నాలుగింటినీ కిందికి దించి నున్నగా పట్టాను. పైన బెజ్జాల పక్కన దూలం మీద ఉన్నది కూడా ఉలితో తీసేశాను. తిరిగి ఎక్కించేటప్పుడు కొంత సేపు పట్టింది. రెండు సుఖంగా కూర్చున్నాయి. మిగతా రెండు మొండికేస్తే నాలుకలు కాస్త గీకి దూర్చాను. పక్కన చెక్కముక్కలు బిగించి గుంజలు తీసేశాను. పైకి ఏమీ తెలియదు.

ఇంటికొస్తే మా ఆవిడ నా చొక్కా మీద పొట్టు తీసి వేళ్ళతో పట్టుకుని చూసింది.

"చెదలు తిన్న కర్ర పొడై రాలుతుంది గానీ, ఇంత చక్కగా చుట్టలు చుట్టుకుంటుందా?"

వడ్రంగి పెళ్ళానికి ఇన్ని తెలివితేటలు అక్కర్లేదు.

ఫిబ్రవరి 14

కొలతలమ్మాయి నిచ్చెన ఎక్కి చాలాసేపు చూసింది. వేలితో తడిమింది.

"ఇక్కడ కొత్తగా చిత్రిక పట్టారే?"

"చెదలు."

"ఎప్పుడు?"

"ఈ మధ్యనే."

నా మొహం చూస్తూ పెన్సిలు తీసి పుస్తకంలో ఏదో రాసుకుంది. కిందికి దిగాక పాస్టరుగారితో, చట్రాలు ఎవరు చేశారో రుజువు దొరకలేదని, మీ ఊరి మాటే బోర్డు మీద రాసుకోమని చెప్పింది. రేపు వెళ్ళిపోతుంది. నూరేళ్ళ ఆరాధనకు, అంటే మార్చి రెండో తారీఖుకు, పుస్తకాలు తీసుకుని వస్తుంది.

గెలిచాను. దీన్ని గెలుపు కాదనడానికి నాకేం కారణం కనబడలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

గంట కొట్టగానే పైనుంచి సన్నగా దుమ్ము రాలింది. పాస్టరుగారు తెరిచిన బైబిలు మీద పడింది. ఆయన ఉఫ్ మని ఊదుకుని చదవడం మొదలుపెట్టారు. నేను ఏ వాక్యమూ వినలేదు.

ఫిబ్రవరి 17

నిచ్చెన వేసుకుని చూశాను. నేను గీకి దూర్చిన రెండు ఊతకర్రలూ జారుతున్నాయి. మూడోదాని కీలు దగ్గర నా వేలి గోరు దూరే సందు వచ్చింది.

రాస్తాను. ఎవరు చదవొచ్చారు గనక.

చెదలు లేవు. ఏడో చట్రం మీద ఉన్నది నెలవంక. గుండ్రటి ఉలితో ఒక్క పోటుకు కొట్టిన నెలవంక, దాని పక్కన ఒకటి నుంచి నాలుగు దాకా గీతలు. కర్ర మీద ఒకటి, అది కూర్చోవలసిన బెజ్జం పక్కన అదే ఇంకొకటి. అది మా చిన్నతాత గుర్తు, అంటే చట్రాలు చేసింది ఆయనే. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న నన్ను పైకెక్కించి చూపించాడు. "చూశావా? ఇంక మర్చిపో" అన్నాడు. చిన్నతాత తాగేవాడని నాకు చెప్పింది కూడా నాన్నే. నిజమో కాదో నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడం నాకు సుఖంగా ఉండింది.

నాన్న పోయినప్పుడు పెట్టెలవాడు పెట్టె చేసి తెచ్చాడు. మూత అంచున నెలవంక ఉంది. వాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపించి నేనే ఒకటి చేశాను. నాది పొట్టిదైపోయి నాన్న మోకాళ్ళు మడవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచీ మాటల్లేవు.

ఇప్పుడు చేసిన పని చూస్తే నాన్న కూడా చెప్పుతో కొట్టేవాడు. చేత్తో చెక్కిన కర్రలు నాలుగూ పైకి ఒకేలా ఉంటాయి, కానీ ఏ ఒక్కటీ ఇంకోదాని చోట ఇమడదు. ఆ సంగతి గుర్తుంచుకునే పని లేకుండా చేయడానికే గుర్తులు కొట్టేది. ముప్పై ఆరేళ్ళుగా గుర్తు చూసి ఎక్కించడం అలవాటైన చెయ్యి, గుర్తులు గీకేశాక కూడా గుర్తు కోసం వెతికింది. నాలుగు కర్రలనూ కింద వరసగా పెట్టుకుని ఏది ఏదో తెలియక అరగంట గుడ్లప్పగించి చూశాను. అది కూడా ఇప్పుడే రాస్తున్నాను.

ఫిబ్రవరి 18

గుంజలు మళ్ళీ నిలబెట్టి కర్రలు అటూ ఇటూ మార్చి చూశాను. మళ్ళీ మార్చి చూశాను. ఏది ఎక్కడిదో తేలలేదు. రెండింటి నాలుకలు గీకేశాను కాబట్టి ఇప్పుడవి అన్నిట్లోనూ దూరుతున్నాయి, దేన్లోనూ నిలవడం లేదు. గుంజలు తీయకుండా వచ్చేశాను. మరమ్మతు జరుగుతోందని పాస్టరుగారికి చెప్పాను.

ఫిబ్రవరి 19

పాస్టరుగారు ఇంటికొచ్చారు.

"మేస్త్రీ, ఆ గుంజలు ఎప్పటికి తీస్తావు? గాయకబృందం నిలబడేది అక్కడే. ఈసారి ముప్పైమంది. జనం మూడొందలదాకా వస్తారు, గంట పావుగంటసేపు కొడతారు."

"తీస్తాను అయ్యగారూ."

"బోర్డు మీద మీ తాతగారి పేరు ఎలా రాయాలో కాగితం మీద రాసివ్వు. సోమవారం చెక్కడానికిస్తాను."

వెళ్ళేముందు నా భుజం తట్టారు. ముప్పైమంది నెత్తిన ఏం వేలాడుతోందో ఆయనకు తెలిస్తే ఆ చేత్తోనే చెంప పగలగొట్టేవారు.

మా ఆవిడ అంతా విన్నది. "వెళ్ళి ఆయన్ని అడగండి" అంది. ఎవర్నని నేను అడగలేదు. చిన్నతాత కొలకర్ర పెట్టెలవాడి ఇంట్లో ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. చర్చిలోని ప్రతి కర్ర పొడుగూ దాని మీద గంటు పెట్టి ఉంటుంది.

చస్తే వెళ్ళను.

ఫిబ్రవరి 20, గురువారం

వెళ్ళాను.

కొట్టు నిండా పెట్టెలు, గోడకు నిలువుగా ఆనించి. వాడు ఒక మూతకు చిత్రిక పడుతున్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. నన్ను చూసి చెయ్యి ఆపకుండానే, "ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు."

"మరి దారి తప్పావేమో అన్నయ్యా. మీ ఇల్లు అటు."

"కొలకర్ర కావాలి."

"దాన్ని పొయ్యిలో పెట్టమని మీ నాన్న మా నాన్నకి కబురు పెట్టాడు. ఇప్పుడు నీకెందుకు?"

"ఏడో చట్రం ఊతకర్రలు విప్పాను."

"విప్పితే? గుర్తులు చూసి ఎక్కించు."

నేను కింద పడ్డ పొట్టును కాలితో కుప్ప చేశాను. చిత్రిక ఆగింది. వాడు తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు.

"గీకేశావు" అన్నాడు.

"కొలకర్ర ఇస్తావా, ఇవ్వవా?"

"మా తాత కర్ర నీ చేతికి చస్తే ఇవ్వను. నేనే వస్తా. నువ్వు నిచ్చెన పట్టుకో."

నిచ్చెన పట్టుకోవాలట. వాడికంటే ఆరేళ్ళు పెద్దవాణ్ణి.

ఫిబ్రవరి 21

నిచ్చెన పట్టుకున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

అయిపోయింది. నాలుగు కర్రల్లో రెండు వాటి వాటి చోట్ల కూర్చున్నాయి. నేను నాలుకలు పాడుచేసిన రెండింటికీ బదులు వాడు కొట్లో నుంచి పాత టేకు తెచ్చాడు. పెద్ద పెట్టెకని ఏళ్ళ తరబడి ఆరబెట్టి దాచుకున్న కర్ర. కొలకర్ర ఆనించి గీత గీశాడు, కోశాడు, చెక్కాడు. ఒక్కసారి ఎక్కించాడు. రెండోసారి చూసుకోలేదు. అలాంటి పని చేసేవాణ్ణి మా ఇంట్లో నేను చూడలేదు, నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

రెండు రోజులూ ఉలి, సుత్తి, చీల తప్ప ఇంకో మాట లేదు. ఆఖరి చీల కొడుతుండగా నేనే అడిగాను.

"చర్చి మీ తాత కట్టాడని నీకు తెలుసా?"

"తెలీకేం."

"మరి ఒక్కసారీ అనలేదేం? ఊరంతా మా తాత పేరు చెప్తుంటే?"

"మా నాన్న వద్దన్నాడు."

"ఎందుకు?"

"'పెద్దాయన ఇంట్లో చెప్పుకోడానికి అదొక్కటేరా ఉంది, పోనీ, ఉండనీ' అనేవాడు. ఆ సుత్తి అందుకో."

ఎంత మామూలుగా అన్నాడంటే, వానొస్తుందేమో అన్నట్టు. సుత్తి అందించాను.

ఉండనీ అట. పోనీ అట! నేను గుమ్మం పక్కన నిలబడి నేలచూపులు చూస్తూ మురిసిపోయిన ప్రతిసారీ వెనక వరసలో కూర్చుని వీడు పోనీలే పాపం అనుకున్నాడన్నమాట. వీళ్ళ నాన్న అనుకున్నాడు. బహుశా చిన్నతాత కూడా అనుకునే పోయాడు. మూడు తరాలుగా మేం కాలరెగరేస్తుంటే వాళ్ళు మాకు భిక్షం వేస్తున్నారు. ఆ రోజు తెచ్చిన పెట్టె కూడా అలాంటిదే అయి ఉంటుంది. నేను వాణ్ణి పంతొమ్మిదేళ్ళు ద్వేషించాను, ఒళ్ళు దాచుకోకుండా ద్వేషించాను. వాడు నన్ను తిరిగి ద్వేషించనైనా లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సిగ్గు కంటే కోపం ఎక్కువొచ్చింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

గంట కొట్టారు. ఏమీ రాలలేదు. ఆరాధన కాగానే పాస్టరుగారి గదిలోకి వెళ్ళి తలుపేశాను. అన్నీ చెప్పాను. నెలవంక, గీకడం, గుంజలు, కొలకర్ర, గాయకబృందం సంగతి. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"ముప్పైమంది మేస్త్రీ" అన్నారు. "పిల్లలున్నారు వాళ్ళలో."

"తెలుసు."

"తెలిసే..."

"తెలిసే."

తాళం చెవి తీసి బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. ముప్పై ఆరేళ్ళ తర్వాత జేబు తేలికైంది, అదేమీ బాగాలేదు. బోర్డు మీద ఏం రాయాలో కాగితం ఇచ్చి వచ్చాను.

మా ఆవిడ, "మంచి పని చేశారు" అని కళ్ళు తుడుచుకుంది. మంచి కోసం చేయలేదని ఆవిడకు చెప్పలేదు. వాళ్ళ భిక్షం వాళ్ళ మొహాన కొట్టడానికి చేశాను.

ఫిబ్రవరి 25

కొలతలమ్మాయి ఫోను.

"చెదలన్నారు."

"అన్నాను."

"నాకప్పుడే అనుమానమొచ్చింది. పుస్తకంలో ఏడో చట్రం గురించి ఏమని రాయను?"

"గుర్తులు గీకేశారని రాయండి."

"ఎవరు గీకారని?"

"నా పేరు మీ దగ్గర ఉందిగా, రాసుకోండి."

అవతల పెన్సిలు గీసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "చిన్నతాతగారి పేరు ఎలా రాస్తారో చెప్పండి. అక్షరం తప్పు పోకూడదు" అంది. చెప్పాను. ఆ పేరు నా నోటితో పలకడం బహుశా అదే మొదటిసారి.

మార్చి 2, ఆదివారం

జనం కిటికీల దాకా నిలబడ్డారు. గుమ్మం పక్కన బోర్డు మీద గుడ్డ తీశారు. చట్రాలు, స్తంభాలు, గోడలు, గోపురం అని మా చిన్నతాత పేరు. కింద చిన్న అక్షరాల్లో, బెంచీలు అని మా తాత పేరు. ఎవరో "ఇదేమిటి?" అన్నారు. ఇంకెవరో నా వైపు చూసి మొహం తిప్పుకున్నారు. నూరేళ్ళ మాట ఒక్క గుడ్డముక్క తీయడంతో పోయింది.

గంట పావుగంట కొట్టారు. ముప్పైమందీ ఏడో చట్రం కింద నిలబడి గొంతులు చించుకుని పాడారు. నేను పాటంతా పైకే చూస్తూ నిలబడ్డాను. కర్ర కదల్లేదు.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర పెట్టెలవాడు నా చొక్కా పట్టుకున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నిన్నెవడు రాయించమన్నాడు?"

"నిజమేగా."

"నిజమని నాకు తెలీకనా? మా నాన్నకి మాటిచ్చాన్రా! చచ్చేదాకా నోరెత్తనని మాటిచ్చా. నువ్వెవడివి దాన్ని చెడగొట్టడానికి? కర్రలు గీకావు, నాలుకలు పాడుచేశావు, ఇప్పుడు ఇది. మీ ఇంట్లో ఒక్కడికీ పని తిన్నగా చేయడం రాదు. ఆ బెంచీల పేరు కూడా ఎందుకు వేయించావు? మేకులు కొట్టి చేసిన బెంచీలు!"

"వరదొచ్చినా నిలబడ్డాయి" అన్నాను.

"నిలబడలేదు, తేలాయి!"

చుట్టూ జనం ఆగిపోయారు. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వాడు చొక్కా వదిలేసి, ఇంకా తిడుతూనే వీధి మలుపు తిరిగాడు. అక్కడి నుంచి కూడా ఒక మాట వెనక్కి విసిరాడు. ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

ఇంటికొచ్చి చూసుకుంటే చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది. మా ఆవిడ సూది, దారం తీస్తూ, "అంతమందిలో అన్నేసి మాటలంటే ఎలా ఊరుకున్నారు?" అని అడిగింది.

"వాడికి నా మీద కోపమొచ్చింది" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి వాడు నన్ను చూసి జాలిపడలేదు.